ఎర్ర నూనె వైద్యం

ఆ రోజు ఉదయం కోసం మాస్టారు వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కూతురికి పదకొండు గంటలకు డ్రైవింగు పరీక్ష. ఆలోగా అందరూ స్నానాలు ముగించాలి. ఆ అమ్మాయి కడుపుకు కాస్త తినాలి, మరీ బరువుగా తినకూడదు. పక్క వీధిలోని ఖాళీ స్థలంలో ఒకసారి కారు తిప్పి చూసుకోవాలి. దారిలో ఎవరూ ఆమెకు సలహాలు ఇవ్వకూడదు. ఈ చివరి నియమం ఆయన తన బావమరిదిని దృష్టిలో పెట్టుకుని చేసినది.

పథకంలో ఇంకొక అంశం ఉంది. దాన్ని ఆయన ఎవరికీ చెప్పలేదు. ఇంట్లోవాళ్లు లేవకముందే బయటికి వెళ్లి, కారు బానెట్ ఎత్తి, గేర్‌బాక్సులో ఇంకాస్త నూనె పోయాలి.

కారు ఆయన భార్యది. మాస్టారికి నడపడం రాదు. ఆమె పక్క సీట్లో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకోవడం మాత్రమే వచ్చు. ఆమె పోయాక కారు గోడ పక్కన నెలల తరబడి అలాగే నిలబడిపోయింది. ఒకనాడు భోజనాల దగ్గర బావమరిది గొంతు సవరించుకుని, "రోజూ నడిపేవాళ్లు లేనప్పుడు ఎందుకు బావా, ఎండకీ వానకీ పాడైపోతోంది. మా మందుల షాపు ఓనరు కొంటానంటున్నాడు" అన్నాడు. మాస్టారు అన్నం కలుపుతూనే ఉండిపోయారు. చివరికి కూతురే తేల్చింది. "నేను నేర్చుకుంటాను. లైసెన్సు వస్తే ఉంచుకుందాం, రాకపోతే ఇచ్చేద్దాం." బావమరిది సరే అన్నాడు. మాస్టారు తల ఊపారు. ఆ తల అవునని ఊగిందో కాదని ఊగిందో ఎవరూ గమనించలేదు.

ఈ పరీక్ష తప్పితే మళ్లీ తారీఖు దొరకడానికి నెలలు పడుతుంది. ఓనరు అన్నాళ్లు ఆగనన్నాడు. కనుక కారు ఆ గోడ పక్కన ఉండేదీ లేనిదీ ఈ రోజు తేలిపోతుంది.

ఇలాంటి సమయంలో కారుకు జబ్బు చేసింది. అది క్లచ్ లేని ఆటోమేటిక్ కారు. లివరును ముందుకు నడిపే 'డి' గుర్తులోకి జరిపితే చాలు, కదలాలి. కానీ కొన్నాళ్లుగా అది లివరు జరిపాక కాసేపు ఏదో గుర్తు చేసుకుంటున్నట్టు ఆగి, తర్వాత వెనకనుంచి ఎవరో తోసినట్టు ఒక్క కుదుపుతో ముందుకు పడుతోంది. సాధన చేసేటప్పుడు కూతురి పక్కన మేనమామ, వెనక సీట్లో మాస్టారు కూర్చునేవారు. కుదుపు వచ్చినప్పుడల్లా ముగ్గురూ మూడు కిటికీల్లోంచి బయటికి చూసేవారు. మాస్టారి భార్య పోయిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో ఒకరి మనసు ఇంకొకరు నొప్పించకూడదన్న జాగ్రత్త బాగా పెరిగిపోయింది. ఏం జరిగినా "ఏం లేదు" అనుకోవడం అందరికీ అలవాటైంది.

మాస్టారు మాత్రం రహస్యంగా మెకానిక్‌కు ఫోను చేశారు. ఆ మెకానిక్ ఒకప్పుడు ఆయన దగ్గర లెక్కలు నేర్చుకున్నవాడే. "నూనె తక్కువై ఉంటుంది మాస్టారూ," అన్నాడతను. "బండి బాగా తిరిగి వేడెక్కాక, ఇంజను ఆడుతుండగానే నూనె కొలిచే పుల్ల తీసి చూడాలి. గీత కంటే దిగువనుంటే కొద్దిగా పోయండి." మాస్టారికి అంతా అర్థమైంది. వచ్చిన చిక్కల్లా బండి తిప్పడంలోనే. తిప్పడం తనకు రాదు. నడపడం వచ్చినవాళ్లను అడిగితే ఎందుకని అడుగుతారు. అందుకని చల్లటి బండినే స్టార్టు చేసి పుల్ల తీసి చూశారు. నూనె పై గీతకు దిగువనే ఉంది. చల్లటి నూనె ఎప్పుడూ దిగువనే ఉంటుందన్న సంగతి ఆయనకు తెలియదు.

స్పేరు పార్టుల కొట్లో ఎర్ర నూనె సీసాలు కొన్నారు. రోజూ తెల్లవారగానే వంటింటి గరాటుతో కొద్దికొద్దిగా పోస్తూ వచ్చారు. నూనె గీత దాటిపోయింది కానీ కుదుపు తగ్గలేదు సరికదా పెరిగింది. గట్టెక్కని పిల్లవాడికి నాలుగు మార్కులు కలిపి పాస్ చేయించడం ఆయనకు ఎన్నో ఏళ్ల అలవాటు. కారుకూ అలాగే కలుపుకుంటూ పోయారు.

ఆ ఉదయం ఆయన గరాటు తుడిచి సంచిలో పెట్టుకుంటుండగా వెనక తలుపు చప్పుడైంది. బావమరిది నిలబడి ఉన్నాడు. అతని చంకలో పాత న్యూస్‌పేపరులో చుట్టిన పొట్లం ఒకటి ఉంది.

"ఏంటి బావా, ఇంత పొద్దున్నే?"

"ఏం లేదు. బ్యాటరీ దిగిపోకుండా ఒకసారి స్టార్టు చేద్దామని."

"నేనూ అందుకే వచ్చాను."

"ఆ పొట్లం ఏంటి?"

"ఏం లేదు బావా. పాత పేపర్లు."

పాత పేపర్లను పాత పేపరులో చుట్టుకుని చీకటి విడవకముందే బయటికి తెచ్చే మనిషిని మాస్టారు అంతవరకూ చూడలేదు. లోపలికి నడుస్తూ ఆయన ఒక భయంకరమైన ఆలోచన చేశారు. కారు కొనేది ఎవరు? ఇతని ఓనరు. పిల్ల పరీక్ష తప్పితే ఓనరు దగ్గర ఎవరికి మంచిపేరు? ఆలోచన రాగానే సిగ్గుపడ్డారు. సొంత అక్క కారును ఎవరైనా కావాలని పాడు చేస్తారా? సిగ్గు పడ్డారు కానీ ఆలోచన పోలేదు.

తొమ్మిది కాకముందే ముగ్గురూ కారెక్కారు. కూతురు అద్దాలు సరిచేసుకుని, బెల్టు పెట్టుకుని, బ్రేకు తొక్కి, లివరు డిలోకి జరిపింది. కారు ఆగింది. ఎప్పటికంటే ఎక్కువసేపే ఆగింది. తర్వాత మెడలు విరిగేలా ఒక కుదుపు ఇచ్చి నాలుగిళ్ల దూరం వెళ్లి, వీధి మధ్యలో నిలబడిపోయింది. ఆమె యాక్సిలరేటరు తొక్కితే ఇంజను గోల పెట్టింది తప్ప చక్రాలు తిరగలేదు.

"ఏమైందమ్మా?" అన్నారు మాస్టారు.

"ఏం లేదు నాన్నా."

అప్పుడు బానెట్ సందుల్లోంచి తెల్లటి పొగ లేచింది. ఇక ఏం లేదనడం ముగ్గురికీ కష్టమైంది.

"దిగండి, దిగండి," అన్నాడు బావమరిది, తనే ముందు దిగుతూ.

కూతురు ఇంజను ఆపింది. కాసేపటికి పొగ తగ్గింది. మంటేమీ లేదు. మళ్లీ స్టార్టు చేసి లివరును డిలో పెట్టి చూసింది, కదల్లేదు. ఊరికే చూద్దామని రివర్సులో పెట్టింది. కారు బుద్ధిగా వెనక్కి నడిచింది.

"మెకానిక్ షాపు వెనకవైపే కదా," అంది. "ఇలాగే పోనిస్తాను."

"వీధి చివరిదాకానా?"

"వేరే దారుందా నాన్నా? టైమెంతయిందో చూశావా?"

అలా ఊరేగింపు మొదలైంది. బావమరిది కారు వెనక నడుస్తూ దారి క్లియరు చేస్తున్నాడు. మాస్టారు డ్రైవరు కిటికీ పక్కన, రోగి మంచం పట్టుకుని నడిచే బంధువులా, తలుపు మీద చెయ్యి వేసి నడుస్తున్నారు. వీధి ఇరుకు. అటునుంచి గ్యాసు బండల ఆటో వచ్చింది. బావమరిది రెండు చేతులూ చాచి దాన్ని ఆపాడు.

"వెనక్కి తియ్యి."

"నేనెందుకు తియ్యాలి? మీరే ముందుకు పొండి."

"ముందుకు పోదయ్యా ఇది."

"ముందుకు పోని కారు రోడ్డు మీదికి ఎందుకు తెచ్చారు?"

"అది ఇంట్లో ఉన్నప్పుడు తెలీలేదు."

ఆటో వెనక్కి వెళ్లింది. ఆటో వెనక వస్తున్న రెండు స్కూటర్లూ కాళ్లతో నేల తన్నుకుంటూ వెనక్కి వెళ్లాయి. వాటి వెనక మంచినీళ్ల బండి కూడా, ఎందుకో ఎవరూ చెప్పకపోయినా, వెనక్కి వెళ్లింది. ఎదురింటి పెద్దాయన పళ్లు తోముకుంటూ గేటు దగ్గరికి వచ్చాడు.

"ఏంటి మాస్టారూ, అందరూ అటు పోతున్నారు?"

"ఏం లేదండి. అమ్మాయికి ఇవాళ పరీక్ష. రివర్సు సాధన చేస్తోంది."

"ఆటో అతనిక్కూడా పరీక్షేనా?"

మాస్టారు కారుతోపాటు నడిచిపోయారు. ఎన్నో ఏళ్లుగా పిల్లలకు నిజం చెప్పమని చెబుతూ వచ్చిన మనిషికి ఒక్క ఉదయంలో చెప్పగలిగిన అబద్ధాల కోటా అయిపోయింది.

షాపు ముందు మెకానిక్ చేతులు తుడుచుకుంటూ లేచి నిలబడ్డాడు. తలలో సగం వెంట్రుకలు నెరిసినా, మాస్టారిని చూస్తే అతను ఇప్పటికీ చొక్కా గుండీలు తడుముకుంటాడు.

"గంటలో బాగుచెయ్యాలి నాయనా," అన్నారు మాస్టారు. "పదకొండింటికి పరీక్ష."

"చూద్దామండి. నూనె చూశారా మాస్టారూ?"

"చూశాను. నిండా ఉంది."

"సరిగ్గానే ఉంది," అన్నాడు బావమరిది కూడా, అవసరానికి మించిన నమ్మకంతో.

వేరే ఎవరైనా ఆ మాట అంటే మెకానిక్ వినేవాడు కాదు, ముందు పుల్ల తీసి చూసేవాడు. కానీ మాస్టారు చెప్పిన జవాబును మళ్లీ సరిచూడటం అతని వల్ల కాలేదు. తన జవాబులను ఆయన సరిచూడటమే తప్ప ఆయన జవాబులను తను సరిచూసిన సందర్భం అతని జీవితంలో లేదు. నేరుగా కారు కింద దూరి, గేర్‌బాక్సుకు ఉన్న చిన్న బోల్టు విప్పి, అక్కడ ప్రెషర్ గేజి గొట్టం బిగించాడు. కూతురిని బ్రేకు గట్టిగా తొక్కి లివరు డిలో పెట్టమన్నాడు.

గేజిలో ముల్లు లేవబోయి, పడిపోయి, మళ్లీ లేచి, చలిజ్వరం వచ్చినట్టు వణకడం మొదలుపెట్టింది. రివర్సులో పెట్టించాడు. వణుకుతూనే కొంచెం పైకి లేచింది.

"ప్రెషర్ లేదు మాస్టారూ," అన్నాడు. "ఈ బండ్లలో అంతా నూనె ప్రెషరే. పంపు నూనెను తోస్తుంది, ఆ తోపుకి లోపలి ప్లేట్లు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, అప్పుడు చక్రం తిరుగుతుంది. రివర్సుకి ప్రెషర్ ఎక్కువిస్తుంది కాబట్టి అది మాత్రం కదులుతోంది. ముల్లు ఇలా వణుకుతోందంటే పంపు పోయినట్టే. గేర్‌బాక్సు కిందికి దించాలి."

"దించితే ఎప్పటికవుతుంది?"

"తొందరగా అంటే వారం."

కూతురు స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి ఎదుటి గోడను చూస్తూ ఉండిపోయింది. అక్కడ చూడటానికి టైర్ల ప్రకటన తప్ప ఏమీ లేదు. మాస్టారు ఆమె వైపు చూడలేక గేజి వైపు చూశారు.  

అప్పుడే బావమరిది ఫోను మోగింది. అతను నాలుగడుగులు పక్కకు వెళ్లి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఇంకా ఏం తేలలేదు సార్. మధ్యాహ్నానికి చెబుతాను" అన్నాడు.

ఆ మాటతో మాస్టారికి ఓపిక నశించింది. ఆయన గొంతు పెంచలేదు. తరగతిలోనూ ఎప్పుడూ పెంచలేదు, అందుకే పిల్లలు భయపడేవాళ్లు.

"పొద్దున్న ఆ పేపర్లో ఏం చుట్టావో చెప్పు."

"ఏం లేదు బావా."

"ఏం లేకపోతే చూపించు."

బావమరిది కారు వెనక సీటు కిందినుంచి పొట్లం తీశాడు. పేపరు విప్పితే సగం ఖాళీ అయిన ఎర్ర నూనె సీసా బయటపడింది.

"గేర్‌బాక్సు నూనె తీసేశావా?" అన్నారు మాస్టారు.

"తియ్యడమేంటి బావా? పోశాను. తక్కువుందని మా షాపు వ్యాను డ్రైవరు చెబితే రోజూ ఇంత పోస్తున్నాను. ఇవాళ మీరు లోపలికి వెళ్లాక కూడా పోశాను. తప్పా?"

కారులోంచి కూతురు తల బయటికి పెట్టింది. "నువ్వు కూడానా మామయ్యా?"

"కూడా అంటే?"

"నేను వీడియోలో చూసి పోస్తున్నాను. మీరిద్దరూ స్నానాలకి వెళ్లినప్పుడు."

మెకానిక్ ముందుగా ఆమెను చూశాడు, తర్వాత బావమరిదిని చూశాడు. ఆ తర్వాత ముగ్గురి చూపులూ మెల్లగా మాస్టారి కుడిచేతి కఫ్ దగ్గరికి వచ్చి ఆగాయి. తెల్లచొక్కా మీద ఎర్రమరక కనిపిస్తోంది. మాస్టారు దాన్ని మడత పెట్టుకున్నారు. మడత లోపల ఇంకో మరక ఉంది.

మెకానిక్ వెళ్లి పుల్ల లాగాడు. గీతలు ఎక్కడున్నాయో వెతకవలసి వచ్చింది. చివరినుంచి పిడి దాకా పుల్ల అంతా గులాబీ రంగు నురగతో మెరుస్తోంది.

"మాస్టారూ, మీరు చూశానన్నారు కదండీ."

"నిండా ఉందని చెప్పాను కదా నాయనా."

"నిండా అన్నారండి. పొర్లుతోందని అనలేదు."

స్పేరు పార్టుల కొట్టువాడు మాత్రం ఈ నెలలో వీధిలోకి ఆటోమేటిక్ కార్లు చాలా వచ్చాయనుకుని ఉంటాడు.

మెకానిక్ తల గోక్కున్నాడు. తప్పులో తన వాటా కూడా ఉందని తెలిసి, కొంచెం తొందరగానే మాట్లాడాడు. నూనె మోతాదు మించితే లోపల తిరిగే చక్రాలు దాన్ని సబ్బునీళ్లలా చిలికేస్తాయి. పంపు నూనెకు బదులు నురగను పీలుస్తుంది. నురగ నొక్కుకుపోతుంది కానీ దేన్నీ తొయ్యదు. ఎక్కువైనది గాలి గొట్టంలోంచి ఎగదన్ని వేడి సైలెన్సరు మీద పడితే పొగ వస్తుంది. "నూనె తక్కువైనా ఇవే లక్షణాలు, ఎక్కువైనా ఇవే. మీరు కుదుపు చూసి పోశారు, పోసినకొద్దీ కుదుపు పెరిగింది. అది పెరిగినకొద్దీ మీరు పోశారు."

"మరి పంపు?" అంది కూతురు.

"పంపుని ఏమీ అనకూడదమ్మా. నేనే తొందరపడ్డాను."

కింద బేసిన్ పెట్టి బోల్టు విప్పాడు. ఎర్రనూనె ధారగా పడింది. బేసిన్ నిండితే బకెట్ పెట్టాడు. బకెట్‌లో నూనె పెరుగుతున్నకొద్దీ ముగ్గురూ ఒకరినుంచి ఒకరు ఒక్కో అడుగు దూరం జరిగారు.

"ఇంత నేను పొయ్యలేదు," అన్నాడు బావమరిది.

"నేనూ పొయ్యలేదు," అంది కూతురు.

మాస్టారు రెండో కఫ్ కూడా మడత పెట్టుకున్నారు.

నురగ చచ్చేదాకా బండిని కాసేపు ఊరకుంచాలని మెకానిక్ అన్నాడు. నలుగురూ గుమ్మంలో నిలబడ్డారు. గోడ గడియారం వైపు ఎవరూ చూడటం లేదు, అందరికీ అది వినిపిస్తోంది.

"అమ్ముదామన్నది నువ్వే కదా," అన్నారు మాస్టారు, బావమరిదిని చూడకుండా. "మళ్లీ నూనె ఎందుకు పోశావు?"

"మీకోసం అన్నాను బావా. రోజూ గేటు తీస్తూ దాని వైపు చూడకుండా తల తిప్పుకుంటున్నారు. చూడలేకపోతున్నారనుకున్నాను. నాకేం, అమ్మాలనుందా? నాకు సైకిలు నేర్పింది అక్క. ఆ కారులో ఇంకొకడు కూర్చుంటే నేను వాడి షాపులో పని ఎలా చెయ్యను?"

"నేనూ అందుకే అన్నాను నాన్నా," అంది కూతురు. "రాకపోతే ఇచ్చేద్దామని. నువ్వు ఇచ్చేద్దామనుకుంటూ చెప్పలేకపోతున్నావేమోనని."

 మాస్టారు సాధారణంగా ఒక మాట అనబోయే ముందు దాన్ని లోపల ఒకసారి రాసి చూసుకుంటారు.

"అది అక్కడ ఉందని తెలిస్తే చాలు," అన్నారు చివరికి. "చూడక్కర్లేదు."

మెకానిక్ ఆ మాట విననట్టు బండి కింద దూరాడు. ఇంజను స్టార్టు చేయించి, వేడెక్కనిచ్చి, పుల్ల తీసి, తుడిచి, మళ్లీ ముంచి తీశాడు. ఈసారి దాన్ని తెచ్చి మాస్టారికి చూపించాడు. ఆయన కళ్లజోడు పెట్టుకుని చూసి, తల ఊపారు. ఈ తల ఊపుకు అర్థం అందరికీ తెలిసింది. గేజిలో ముల్లు లేచి, ఒకచోట నిలబడి, కదలలేదు.

"అసలు మొదట వచ్చిన జబ్బేంటి?" అన్నారు మాస్టారు.

"జబ్బేం లేదండి. నెలల తరబడి నిలబెట్టిన బండి. నూనంతా కిందికి జారిపోతుంది. పొద్దున్నే మొదటిసారి ప్రెషర్ ఎక్కడానికి కాస్త ఆలస్యమవుతుంది. అదే కుదుపు. రోజూ తిప్పితే పోతుంది."

"అంతేనా?"

"అంతేనండి. మిగతాదంతా వైద్యమే."

పరీక్ష జరిగే మైదానానికి చేరేసరికి పిలుపులు మొదలయ్యాయి. తోడుగా వచ్చిన మెకానిక్ దారంతా కూతురి పక్కన కూర్చుని ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. వెనక సీట్లో బావమరిది సలహాలన్నీ మింగి, కిటికీ పైనున్న పిడిని పట్టుకుని కూర్చున్నాడు. పరీక్షాధికారి లావాటి మనిషి. ముఖంలో ఏ భావమూ లేదు. ముందు కూర్చుని అట్ట మీద కాగితం పెట్టుకుని, "పోనివ్వండి" అన్నాడు.

బయట బెంచీ మీద మాస్టారు, బావమరిది పక్కపక్కన కూర్చున్నారు. కూతురు లివరు జరపడం కనిపించింది. కారు కదల్లేదు.

"అయిపోయింది," అన్నాడు బావమరిది.

కారు ఇంకా కదల్లేదు.  లోపల కూతురు బ్రేకు మీద కాలు పెట్టి, ఎప్పటిలాగే కుదుపు కోసం ఎదురు చూస్తోంది. ఎదురు చూస్తూ ఎడమ అద్దం చూసింది, కుడి అద్దం చూసింది, తల తిప్పి భుజం మీదుగా చూసింది. కుదుపు రాలేదు. రాదని గుర్తొచ్చాక కాలు తీసింది. కారు నీళ్ల మీద పడవలా కదిలి వెళ్లిపోయింది. అధికారి కాగితం మీద ఏదో రాశాడు.

"మైనస్ వేశాడు," అన్నాడు బావమరిది.

"నీకెలా తెలుసు?"

"పెన్ను గట్టిగా నొక్కాడు బావా."

మైదానం చుట్టి, రెండు కర్రల మధ్యకు వెనక్కి వెళ్లి, కారు తిరిగి వచ్చి ఆగింది. అధికారి దిగి ఒళ్లు విరుచుకుని బెంచీ దగ్గరికి వచ్చాడు.

"పొద్దున్నుంచీ చూస్తున్నాను. గేరు పడగానే ఎగిరి దూకినవాళ్లే అందరూ. ఆగి, అన్ని వైపులా చూసుకుని కదిలింది ఈ అమ్మాయి ఒక్కతే. రివర్సు కూడా ఎన్నాళ్లుగానో చేస్తున్నదానిలా ఉంది. పాసైంది. ఎవరు నేర్పారు?"

"వీధి వీధంతా నేర్పిందండి," అన్నాడు బావమరిది.

కారులోంచి కూతురు వాళ్ల వైపు చూసి నవ్వింది. అచ్చం తల్లిలాగే, స్టీరింగు మీద రెండు చేతులూ వదలకుండా. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తుడుచుకోవడానికి ఆయన వాడినది ఎర్రమరక ఉన్న కఫ్ కనుక, ఆ తర్వాత కాసేపటి దాకా లోకమంతా ఎర్రగానే కనిపించింది.

బావమరిది ఓనరుకు ఫోను చేయడానికి పక్కకు వెళ్లాడు. వెళ్లినంత హుషారుగా తిరిగి రాలేదు.

"కోప్పడ్డాడా?" అన్నారు మాస్టారు.

"కోపం కాదు బావా. మన కారు ఎలాగూ వస్తుందని నిన్ననే ఆయన పాత కారు అమ్మేశాడట. ఇప్పుడు షాపుకు ఎలా వెళ్లాలని అడుగుతున్నాడు."

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఈసారి ఎవరూ ఏం లేదని అనలేదు.

మర్నాటి నుంచి కారు రోజూ తిరుగుతోంది. కూతురు నడుపుతుంటే పక్క సీట్లో మందుల షాపు ఓనరు కూర్చుని, షాపుకు వెళుతూ, తనే గనక కొని ఉంటే ఈ బండిని ఎంత జాగ్రత్తగా చూసుకునేవాడో దారి పొడుగునా చెబుతున్నాడు.